గురికీ వేటకీ ఒకటే తుపాకీ

భరద్వాజ్ తుపాకీ కొనుక్కుంటానని చెప్పినప్పుడు శ్యామల పప్పుకి తాలింపు పెడుతోంది. ఆవాల చిటపటలో సరిగా వినిపించలేదేమో అనుకుని పొయ్యి ఆపి, ఏమన్నారని మళ్లీ అడిగింది.

"షాట్‌గన్. క్లే షూటింగ్‌కి. ఫాల్ సీజన్ వచ్చాక బాతుల వేటకి కూడా పనికొచ్చేట్టు ఒకటే కొందామని," అన్నాడు.

చెబుతున్నంతసేపూ అతని కళ్లు మెరుస్తున్నాయి. చేతులు గాల్లోకి లేచి ఏదో పట్టుకున్నట్టు చూపిస్తున్నాయి. భర్తని అలా చూసి ఆమెకి రెండేళ్లు దాటింది. అందుకే వెంటనే వద్దనలేకపోయింది. భోజనానికి రమ్మని మాత్రం అంది.

వాళ్లు రెజైనా ఊరికి వచ్చి పది నెలలు. అంతకు ముందు తొమ్మిదేళ్లు సముద్రం దగ్గరుండే బర్నబీలో ఉన్నారు. అక్కడ భరద్వాజ్ పనిచేసే కంపెనీ ఒక మంగళవారం పొద్దున అతని టీమ్ మొత్తాన్ని తీసేసింది. మొదట్లో రోజూ అప్లై చేసేవాడు. తర్వాత వారానికోసారి. తర్వాత గదిలోంచి రావడం మానేశాడు. ఒక రోజు కారు తీసుకుని వెళ్లి రాత్రయినా రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పోలీసులు సముద్రం ఒడ్డున పార్కింగులో అతన్ని కనిపెట్టి, అతను చెప్పిన మాటలు విని, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లారు. పదకొండు రోజులు అక్కడే ఉంచారు. ఆ సంగతి గుడివాడలో ఉన్న తమవాళ్లెవరికీ తెలియదు. కూతురు చరితకి అప్పుడు పన్నెండేళ్లు. నాన్నకి వైరల్ ఫీవరని చెప్పారు. ఆ పిల్ల నమ్మినట్టే తలూపింది.

తర్వాత రెజైనాలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువ, ఊరు చిన్నది, చలి ఎక్కువ. శ్యామల ఒక డేకేర్ వంటగదిలో పనికి చేరింది. భరద్వాజ్ మాత్రలు వేసుకుంటూ ఆఫీసుకి వెళ్లి వచ్చేవాడు. అడిగితే బదులిచ్చేవాడు, అడక్కపోతే లేదు.

ఆఫీసులో అతని పక్క సీటు వేన్ అనే ఆయనది. యాభై దాటిన మనిషి, ఈ గోధుమ పొలాల మధ్యే పుట్టి పెరిగాడు. మే నెలలో ఒక బుధవారం, సాయంత్రం ఖాళీయేనా అని అడిగి, ఊరి బయట క్లబ్బుకి తీసుకెళ్లాడు. లైసెన్సున్నవాళ్లు పక్కనే నిలబడితే లేనివాళ్లూ కాల్చవచ్చు. వేన్ తన తుపాకీ ఇచ్చాడు. ఎదురుగా గుంటలో ఉన్న యంత్రం నారింజరంగు మట్టి బిళ్లల్ని ఒక్కొక్కటిగా గాల్లోకి విసురుతుంది. అవి కింద పడేలోపు కొట్టాలి. ఆ రోజు ఇరవై ఐదింటిలో భరద్వాజ్ నాలుగు కొట్టాడు. మరుసటి వారం తొమ్మిది. మూడో వారం ఇంటికొచ్చి, చొక్కా పక్కకి లాగి భుజం మీద కమిలిన చోటు చరితకి చూపించి నవ్వాడు. "కూల్, డాడ్," అంది చరిత, ఫోన్లోంచి తలెత్తి. ఆ పిల్ల తలెత్తడమే శ్యామలకి పెద్ద సంగతిగా కనిపించింది.

ఇక అక్కణ్ణుంచి నెల రోజులపాటు ఇంట్లో తుపాకీ మాటలే. ఖరీదు వెయ్యి డాలర్లు దాటకూడదని భరద్వాజ్ తనకి తానే హద్దు పెట్టుకున్నాడు. ఆ హద్దులో రెండు పనులకీ సరిపోయేదేది అన్నదే అతని బాధ. పంప్ తుపాకీ అన్నిటికన్నా చవక. బురదలో పడినా పనిచేస్తుంది. కానీ ప్రతి తూటాకీ ముందున్న పిడి వెనక్కి లాగి ముందుకి తోయాలి, పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను కూడా గట్టిగా ఉంటుంది, సాయంత్రానికి వంద బిళ్లలు కొడితే భుజం మిగలదు. ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుండేది గురికి రాజే గానీ మంచిది తన అందుబాటులో లేదు. తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ అయితే తన్ను మెత్తన, వేటలో మూడో తూటా కూడా ఉంటుంది. కాకపోతే చవక రకాలు తేలిక తూటాలతో మధ్యలో ఇరుక్కుపోతాయట, తుడవడం ఎక్కువట. అన్నం తింటూ ఇవన్నీ చెప్పేవాడు. శ్యామల వింటూ వింటూ, గొట్టం చివర మార్చుకునే చోకులు ఎందుకో, బాతుల మీద సీసం గుళ్లు ఎందుకు వాడనివ్వరో నేర్చుకుంది. మనిషి మాట్లాడుతున్నాడు. దేని గురించైతేనేం అనుకుంది. అనుకున్న మరుక్షణం ఆ పార్కింగు గుర్తొచ్చి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

ఆగస్టులో ఒక శనివారం ఆమెని కూడా షాపుకి తీసుకెళ్లాడు. కౌంటర్లో ఉన్న ముసలాయన ఓపికున్న మనిషి. భరద్వాజ్ మోచేయి మడతలో తుపాకీ వెనక కొన ఆనించి, వేలు ట్రిగ్గర్‌కి అందుతోందా చూశాడు. రెండు పొడవని పక్కన పెట్టాడు. మూడోది టర్కీలో చేసిన సెమీ ఆటోమేటిక్, పన్నెండు గేజ్, ఇరవై ఎనిమిది అంగుళాల గొట్టం. అది చేతికిచ్చి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తుకోమన్నాడు. ఎత్తుకున్నాక తెరవమన్నాడు. గొట్టం వెంబడి చూపు తిన్నగా వెళితే అది నీ తుపాకీ, నువ్వు వెతుక్కోవాల్సి వస్తే కాదు, అన్నాడు.

భరద్వాజ్ కళ్లు మూసుకుని, చెంప తుపాకీ కొయ్యకి ఆనించి నిలబడ్డాడు. ఖాళీ తుపాకీ అని శ్యామలకి తెలుసు. అయినా చూడలేక పక్క గోడకి వేలాడుతున్న చేపల గాలాల వైపు తిరిగింది.

"ఇదే. తిన్నగా ఉంది," అన్న మాట వినిపించింది.

లైసెన్సు వచ్చేదాకా పక్కన పెట్టడానికి వంద డాలర్లు కట్టాడు. తుపాకీకి వేసే తాళం కూడా అప్పుడే ఎంచుకున్నాడు. కారులో కూర్చున్నాక, స్టార్ట్ చేయకుండానే ఆమె వైపు తిరిగాడు.

"తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. నేను అడిగినప్పుడే ఇవ్వు," అన్నాడు.

ఆమె అడగలేదు. అతనే అన్నాడు. ఇద్దరికీ ఒకటే భయం ఉందని అంతకన్నా స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. శ్యామల సరేనంది.

సేఫ్టీ కోర్సు అప్పటికే పాసయ్యాడు. మిగిలింది అప్లికేషన్. ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద నింపి, భార్య సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు. శ్యామల మొదటి నుంచీ చదివింది. గత ఐదేళ్లలో డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నారా అని ఒక ప్రశ్న ఉంది. దాని పక్కన, లేదు అన్న గడిలో టిక్కు ఉంది.

"ఇది తప్పు కదండీ," అంది.

"అవునని రాస్తే ఎవడిస్తాడు?"

డాక్టరు చేత ఉత్తరం రాయిద్దామంది శ్యామల. ఇప్పుడు బావున్నారని ఆయనే రాస్తారని, ఉన్నదున్నట్టు చెబుదామని, ఆలస్యమైతే వచ్చే ఏడాది వేటకి వెళ్దురుగానని చాలాసేపు చెప్పింది. అతను కాగితం వైపే చూస్తూ విన్నాడు.

"వేన్ దగ్గర నేను మామూలు మనిషిని, శ్యామలా. ఈ ఊళ్లో ఆ ఒక్కచోటే. ఆ గడిలో టిక్కు పెడితే ఎంక్వైరీ అంటారు, వాడికీ ఫోన్ చేస్తారు. నన్ను అక్కడైనా అలా ఉండనివ్వు."

ఆమె పెన్ను తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. అతను బలవంతపెట్టలేదు. సంతకం లేకపోయినా పంపవచ్చని, అప్పుడు వాళ్లే భార్యకి తెలియజేస్తారని కోర్సులో చెప్పారట. ఫోన్ వస్తే ఏం చెబుతావో నీ ఇష్టమని కాగితాలు కవర్లో పెట్టాడు. సోమవారం పోస్ట్ చేశాడు.

ఐదు వారాల తర్వాత ఫోన్ వచ్చింది. శ్యామల డేకేర్ కారిడార్లోకి వచ్చి మాట్లాడింది. లైసెన్సు ఆఫీసు నుంచి ఒక ఆడమనిషి, గొంతు మర్యాదగా ఉంది. మీ భర్త అప్లై చేసిన సంగతి తెలుసా అని అడిగింది. తెలుసంది. ఆయన చేతిలో తుపాకీ ఉంటే మీకుగానీ, మీ పాపకిగానీ, ఆయనకిగానీ ప్రమాదమని ఏమైనా ఆందోళన ఉందా అని అడిగింది.

మూడేళ్ల పిల్లలు లోపల ఏదో పాట పాడుతున్నారు. లేదు అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట అంటే అతను బుధవారాలు నవ్వుతూ ఇంటికొస్తాడు. అతను మళ్లీ మనిషయ్యాడని ఆమె నిజంగానే నమ్ముతోంది. నూటికి తొంభై పాళ్లు నమ్ముతోంది.

"లైన్లో ఉన్నారా?" అని అడిగింది అవతలి గొంతు.

శ్యామల అంతా చెప్పేసింది. సముద్రం ఒడ్డు, పదకొండు రోజులు, మాత్రల పేర్లు. చెప్పాక, ఇప్పుడు చాలా బావున్నారని, క్లబ్బుకి వెళ్లడం మొదలుపెట్టాకే బాగయ్యారని కూడా చెప్పింది. అవతలి మనిషి అదీ రాసుకుంటున్నానంది. ఆస్పత్రి పేరు మరోసారి చెప్పమంది.

ఆ సాయంత్రం అతను షూ విప్పుతుండగానే, ఫోన్ వచ్చిందనీ తాను చెప్పేశాననీ అంది. దాచిపెట్టడం ఆమె వల్ల కాలేదు. భరద్వాజ్ ఒక షూ చేత్తో పట్టుకుని తలూపాడు. కోప్పడతాడని చూసింది. కోప్పడితే బాగుండేది.

అప్లికేషన్ తిరస్కరించినట్టు అక్టోబర్లో ఉత్తరం వచ్చింది. రాసిన కారణం జబ్బు కాదు, అబద్ధం చెప్పడం. ఈలోపు ఆఫీసువాళ్లు వేన్‌తోనూ మాట్లాడారు. భరద్వాజ్ తనకి తెలుసని, నమ్మదగినవాడని హామీ సంతకం పెట్టినవాడు అతనే మరి. వేన్ చెడ్డవాడు కాదు. ఒక మధ్యాహ్నం కాఫీ తెచ్చిచ్చి, నాతో చెప్పివుంటే బాగుండేది, నా తుపాకీ నీ చేతిలో పెట్టానుగదా అన్నాడట. తర్వాత బుధవారం సాయంత్రం ఖాళీయేనా అని అడగలేదు. వాతావరణం గురించి, హాకీ గురించి మాట్లాడేవాడు. మాట్లాడేటప్పుడు, జ్వరమొచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు గొంతు తగ్గించేవాడు. శ్యామలకి ఇదంతా చెప్పిన రోజే భరద్వాజ్ చివరిసారి ఆఫీసు కబుర్లు చెప్పడం. షాపువాళ్లు వంద డాలర్లు వెనక్కి ఇచ్చేశారు.

శ్యామల ఊరుకోలేదు. డాక్టరుతో మాట్లాడింది. కోర్టులో అప్పీల్‌కి గడువుంటుందని తెలుసుకునేసరికి ఆ గడువు దాటింది. కొన్నాళ్లాగి, ఈసారి ఉన్నదున్నట్టు రాసి మళ్లీ అప్లై చేయవచ్చని డాక్టరు అన్నారు. ఉత్తరం తాను రాస్తానన్నారు. డిసెంబర్లో ఒక ఆదివారం ఆమె ఆ సంగతి భర్తకి చెప్పి, ఈసారి ముందు నేనే సంతకం పెడతానంది.

"ఎందుకు? ఎవరితో వెళ్లాలి?" అన్నాడు.

వేరే క్లబ్బు చూద్దామంది. ఒక్కరే అయినా వెళ్లవచ్చంది.

"నువ్వు తప్పు చేశావని నేననుకోవట్లేదు. నీ ప్లేసులో నేనున్నా అదే చెప్తాను. కానీ నేను బాగయ్యానని ఒక మనిషైనా నమ్ముతోందనుకున్నా, శ్యామలా. ఎవరూ నమ్మట్లేదని తెలిశాక, నాక్కూడా నమ్మకం పోయింది."

ఆమెకి తాను తొంభై పాళ్లు నమ్మానని ఎలా చెప్పాలో తెలియలేదు. చెబితే అతనికి మిగతా పదే వినిపిస్తుంది.

జనవరికి మాత్రల మోతాదు పెంచారు. అతను వేళకి వేసుకుంటాడు. ఆఫీసుకి వెళతాడు, వస్తాడు. ఇంట్లో కత్తులున్న సొరుగుకి, మందుల డబ్బాకి శ్యామల తాళం వేయడం మొదలుపెట్టింది. వేస్తున్నట్టు అతనికి తెలుసు. కూరగాయలు తరగాలంటే కత్తి అడిగి తీసుకుంటాడు. అప్పుడప్పుడు ఆమె అతన్ని దొంగచాటుగా గమనిస్తుంటే అతను చూస్తాడు. చూసి, ఆమెకి ఇబ్బంది లేకుండా తల తిప్పుకుంటాడు.

ఒక శనివారం పొద్దున, మైనస్ ముప్ఫై ఐదు డిగ్రీల చలిలో, అతను ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచు తీయడానికి వెళ్లాడు. చరిత కూడా వెళ్లి, అరగంట తర్వాత లోపలికొచ్చి, "హి సెడ్ హి వాంట్స్ టు బి అలోన్," అంది. శ్యామల కిటికీ దగ్గర నిలబడింది. మంచు మొత్తం తీయడం అయిపోయింది. అయినా అతను పార పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు, ఎటూ చూడకుండా.

ఆమె కోటు వేసుకుని బయటికి వెళ్లింది. టీ పెట్టనా అని అడిగింది. పెట్టమన్నాడు. ఇద్దరూ లోపలికి వచ్చారు. ఆమె పాలు పొయ్యి మీద పెట్టింది. అతను కోటు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. టీ అతని ముందు చల్లారిపోయింది. ఆమె మళ్లీ వేడి చేసి తెచ్చింది.