సాక చుక్కలు

హరిలాల్ గడప బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి భాస్కర్ కొత్త ఇంట్లో సోఫాల నిండా మనుషులున్నారు. ఆదివారం మధ్యాహ్నం. ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసై నెల దాటింది. జనగామ గోడల మీద ఆనాడు చల్లిన గులాల్ మరకలు ఇంకా పోలేదు. ఉద్యమం పేరు చెప్పి బాగుపడ్డవాళ్లకు పండుగ కూడా ఇంకా అయిపోలేదు.

హరిలాల్ వచ్చింది పండుగ చేసుకోవడానికి కాదు. అతని తల్లి మోతీబాయి వారం నుంచి జైల్లో ఉంది. తొర్రూరు అవతలి తండాలో, ఇంటి వెనక పొయ్యి మీద ఇప్పసారా కాస్తుంటే ఆబ్కారీ వాళ్లు వచ్చి కుండలు పగలగొట్టి, ఆ పండు ముసలిదాన్ని జీపెక్కించారు. అమ్ముకునే సారా కాదది, మనవరాలి పెళ్లికి కాచుకున్నది. హరిలాల్ కూతురు దీప, నాయనమ్మ ఇంటికొస్తేనే పెళ్లి, లేకపోతే లేదని మొండికేసింది. పెళ్లి చూస్తే పై వారమే. కాళ్లరిగేలా తిరిగి తిరిగి, ఇప్పుడు నాయకుడైన భాస్కర్ చెప్పే ఒక్క మాట మీదే ఆశ పెట్టుకుని హరిలాల్ ఇక్కడికి వచ్చాడు.

ఆశ పెట్టుకోడా మరి? సకల జనుల సమ్మె రోజుల్లో డోర్నకల్ పట్టాల మీద బైఠాయించినందుకు పోలీసులు వెతుకుతుంటే, భాస్కర్ దాక్కున్నది మోతీబాయి గుడిసెలోనే. డిగ్రీ చదివి, ఉద్యోగం లేక, చిరిగిన చొక్కాతో వచ్చిన పిల్లవాణ్ణి ఆమె కడుపులో పెట్టుకుని చూసింది. తన జొన్నరొట్టె విరిచి పెట్టింది. సాయంత్రం అతనికీ హరిలాల్‌కూ రెండేసి గుక్కల ఇప్పసారా పోసేది. తాగే ముందు వేలు ముంచి నేల మీద చుక్కలు విదిలించమనేది.

"ముందుగాల పోయినోళ్లకు. ఎనక మనకు, బిడ్డా."

తండాలో దానికి వేరే పేరుంది. భాస్కర్ తన ఊరి అలవాటు కొద్దీ సాక అనేవాడు. ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్లను పేరు పేరునా తలచుకుని మరీ సాక పోసేవాడు. ఏడ్చేవాడు కూడా. "తెలంగాణ రానీ అవ్వా, నీ కుండ ముట్టేటోడు ఎవడో చూస్త!" అని తొడ కొట్టేవాడు. మోతీబాయి బోసినోటితో పడీ పడీ నవ్వేది.

"జర లోపటికి రారా హరిలాల్! సరిగ్గ టైముకొచ్చినవ్," అంటూ భాస్కర్ ఎదురొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఉద్యమంల నా జోడి వీడు," అని అందరికీ చూపించాడు. హరిలాల్‌కు ప్రాణం లేచొచ్చింది.

బల్ల మీద ఒక సీసా ఉంది. భాస్కర్ బామ్మర్ది దాని గొప్పలు చెబుతున్నాడు. సింగిల్ మాల్ట్ విస్కీ అట. చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన మట్టిపెళ్లలు కాల్చి, ఆ పొగలో గింజలు ఆరబెట్టి చేస్తారట. తర్వాత ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో ఊరబెడతారట.

"అసలు ముచ్చట చెప్పవేంది బామ్మర్దీ?" అని భాస్కర్ అందుకున్నాడు. "ఆఖరికి దీన్ని ఏ పీపాల పెట్టిన్రో ఎరికేనా? ఇప్పసారా పోసిన పీపాల! మన ఇప్పపువ్వు యాడిదాంక పోయిందో చూడున్రి!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పసారా కాచిన ముసలమ్మకు కటకటాలు, ఇప్పసారా వాసన తగిలిన సీసాకు చప్పట్లు! పని కావలసినవాడు కనుక హరిలాల్ కూడా చేతులు తట్టాడు.

గ్లాసు చేతికొచ్చింది. అలవాటు కొద్దీ వేలు ముంచి విదిలించాడు. చుక్కలు తెల్లటి తివాచీ మీద పడ్డాయి.

"ఏయ్, ఏయ్! బంగారమసొంటి సరుకు తివాచీకి తాపుతవేందయ్యా?" అని బామ్మర్ది అదిరిపడ్డాడు. అంతా గొల్లుమన్నారు. వాళ్లతో పాటు భాస్కర్ కూడా నవ్వాడు. అదేమిటో తెలిసిన మనిషి ఆ గదిలో అతనొక్కడే, అయినా నవ్వాడు. హరిలాల్ ఆ నవ్వును దిగమింగి గుక్క వేశాడు.

"ఎట్లుందిరా?"

"దవాఖాన వాసనొస్తుందన్నా."

మళ్లీ నవ్వులు. మందుల వాసన వెనకే పొగ వచ్చింది. తడికట్టెల పొగ. పొయ్యి ఊదుతూ దగ్గే తల్లి గుర్తుకొచ్చింది. మింగాక నాలుక మీద సన్నగా ఇప్పపువ్వు తీపి మిగిలింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకు తట్టుకోలేకపోయాడనుకున్నారు అక్కడున్నవాళ్లు.

"అన్నా, మా యాడి జైల్ల ఉన్నది," అన్నాడు హరిలాల్. యాడి అంటే వాళ్ల భాషలో తల్లి. "పెండ్లి దగ్గరికొచ్చింది. నువ్వు ఒక్క మాట చెప్పన్నా."

భాస్కర్ ఆశ్చర్యపోలేదు. ఎందుకని అడగలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"నాకు ఎరికేరా. పోయినేడు లాటరీల మా బామ్మర్దికి వైన్స్ షాపు తగిలింది గద. తండలల్ల ఇంటింటికి సారా కాస్తుంటే షాపుకు గిరాకి ఎట్లొస్తది? ఆబ్కారోళ్లకు చెప్పింది మేమే. వాళ్లు అవ్వ ఇంటిమీదనే పడ్తరని అనుకోలే."

భాస్కర్ తన గ్లాసులోంచి ఒక గుక్క వేశాడు.

"ఇప్పుడు నేనే ఇడిపిస్తే షాపు నడుస్తదా? ఎలచ్చన్లు కానీ, చూద్దాం. పెండ్లికి సారా లేదని పరేషాన్ గాకు. రెండు పెట్టెల విస్కీ పంపిస్త."

"మరి యాడి?"

"చెప్పిన గదరా, ఎలచ్చన్లు కానీ."

హరిలాల్ సోఫాల మధ్యకు నడిచి వచ్చాడు. గ్లాసులో సగానికి పైగా ఉంది. దాన్ని వంచి, ఆఖరి బొట్టు దాకా తివాచీ మీద పోశాడు.

"పిచ్చి లేసిందారా నీకు?" అని బామ్మర్ది మీదికొచ్చాడు. "ఎవలకు పోస్తున్నవ్ అది?"

"మా ఇంట్ల ఒక పిలగాడుండె," అన్నాడు హరిలాల్. "మా యాడి రొట్టె పెట్టి దాచింది. భాస్కరని పేరు. సచ్చిపోయిండు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. భాస్కర్ చూపు తివాచీ మీది తడి దగ్గరే ఆగిపోయింది.

హరిలాల్ బయటికొచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. పెళ్లికి తల్లి రాదు. ఆ ఒక్క దారీ తన చేత్తోనే మూసేసుకున్నాడు. తండాకు పోయి దీపకు ఏం చెప్పాలో తోచలేదు. చేత్తో ముఖం తుడుచుకోబోతే, వేలికి ఇంకా ఇప్పపువ్వు వాసన ఉంది.