రొకియా దాచిన స్ప్రింగులు

రొకియా పోయిన రెండో ఏడు, జుమా నమాజు నుంచి తిరిగొచ్చిన ఒక మధ్యాహ్నం, ఇద్రుస్ మెట్ల కింది గూట్లోంచి బరువైన అట్టపెట్టె ఒకటి బయటికి లాగాడు. వానల ఊరు తైపింగ్‌లో పొద్దున కురిసిన వాన సాయంత్రం దాకా మళ్ళీ రాకపోతే అదే ఎండాకాలం. ఆ రోజు అలాంటి రోజు. పెట్టెలో నాలుగు స్ప్రింగులు నూనె కాగితంలో పసిపిల్లల్లా చుట్టుకుని పడుకుని ఉన్నాయి.

అవి రొకియా జపాన్ నుంచి తెప్పించుకున్నవి. ఆమె ఆసుపత్రిలో నర్సు. నడివయసులో తన కోసమని కొనుక్కున్న ఒకే ఒక్క సోకు రెండు సీట్ల చిన్న కారు. పైకప్పు వెనక్కి మడిచేస్తే ఆకాశమే కప్పు. కారంటే ఆమెకు ప్రాణమే గాని, దాని ఎత్తు మాత్రం నచ్చేది కాదు. "చూడండి బాంగ్, సారోంగ్ ఎత్తిపట్టుకుని వరదలో నడుస్తున్నట్టు లేదూ ఇది? పొట్టి స్ప్రింగులు వేయిస్తే కాస్త కిందికి దిగి బుద్ధిగా కూర్చుంటుంది" అనేది, బాంగ్ అని పిలుచుకునే భర్త ఇద్రుస్‌తో. స్ప్రింగులు వచ్చేనాటికి ఆమె తను పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం మీద ఉంది. "ఇంటికొచ్చాక చూసుకుందాం" అంది. రాలేదు.

ఇద్రుస్ ఆ కారును ఒక్కసారీ నడపలేదు. కళాశాలలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఎడమ సీట్లో కూర్చుని, ఒళ్ళో కూరగాయల సంచీ పెట్టుకుని, ఆమె ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళేవాడు. కారు నడక మాత్రం అతని ఒంటికి తెలుసు. సరస్సు పక్క వంతెన ఎక్కి దిగేటప్పుడు అది ఒకసారి మెల్లగా వంగి, ఇంకోసారి ఊగేది. ఆ రెండో ఊపులో రొకియా భుజం వచ్చి అతని భుజానికి తగిలేది. ఆమె పోయాక అతనికి అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చేది ఆ తగలడమే.

ఇప్పుడు ఆ కారును అడగడానికి మనిషి వచ్చింది. ఇపో ఊళ్ళో పళ్ళ డాక్టరు, హర్విందర్ కౌర్ అని. కారు మీది ముసుగు తీసి చూపిస్తే చుట్టూ ఒకసారి తిరిగి, "ఆదివారం లోపల చెప్పండి అంకుల్. కాదన్నా ఏమీ అనుకోను" అని వెళ్ళిపోయింది. అడగాల్సిన మాటకన్నా ఒక్క మాట ఎక్కువ అడగలేదు. ఇద్రుస్‌కు ఆమె మీద గౌరవం కలిగింది. నిలబెట్టిన కారు తాళం పెట్టిన ఇల్లు లాంటిది. రబ్బరు ఎండిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఎవరో ఒకరు నడపాలి. రొకియా కోరుకున్నట్టు దాన్ని ఒక్కసారి కిందికి దించి చూడాలి, తను నడపగలిగితే ఉంచుకోవాలి, లేకపోతే డాక్టరమ్మకు ఇచ్చేయాలి. అదీ అతని నిర్ణయం.

ఆ మాటే సూన్ హెంగ్‌కు చెప్పాడు. సూన్ హెంగ్ గడియార స్తంభం వెనక వీధిలో షెడ్డు నడిపిన మెకానిక్కు. రొకియా కారును ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. అతను ఆమెను అందరు నర్సుల్లాగే "మిస్సీ" అని పిలిచేవాడు. ఇద్రుస్‌ను పంతులు గనక "సిక్గూ" అనేవాడు. ఇద్రుస్ అతన్ని షెడ్డు యజమాని గనక "తవుకే" అని ఎగతాళి చేసేవాడు. షెడ్డు ఇప్పుడు లేదు. వీధి వీధంతా కాఫీ దుకాణాలైంది. పానాలన్నీ సూన్ హెంగ్ ఇంటి వంటగదిలో కుండల పక్కకు చేరాయి. వాటిని బయటికి తీసుకెళ్తానంటే అతని భార్య తలుపు తనే తెరిచి పట్టుకుందట.

కారు నిలిపే చావడిలో పని మొదలైంది. జాకీతో ఎత్తి, నాలుగు మూలలా ఇనుప కాళ్ళు పెట్టి, చక్రాలు ఊడదీశారు. చక్రాల్ని మోసే చేతుల్లాంటి కడ్డీలు గాలిలో వేలాడాయి. సూన్ హెంగ్ వాటి మొదట్లో ఉన్న పెద్ద బోల్టుల్ని వదులు చేసి, ఇద్రుస్‌ను కడ్డీ మీద కాలు వేసి నొక్కమన్నాడు.

"సిక్గూ, నొక్కమన్నాను. నిలబడి దేశాల పటం గీయమనలేదు."

"నొక్కుతూనే ఉన్నాను తవుకే. నాకున్న బరువింతే."

"మిస్సీ నీకు అన్నం సరిగా పెట్టలేదా ఏంటి?"

ఆ పేరు అంత మామూలుగా వినబడటం ఇద్రుస్‌కు హాయిగా అనిపించింది. ఊళ్ళో మిగతావాళ్ళు ఆమె పేరెత్తాల్సి వస్తే గొంతు తగ్గించేవారు. సూన్ హెంగ్‌కు ఆ నాజూకు తెలియదు.

పాత స్ప్రింగును మరలు తిప్పే బిగింపుల్లో పెట్టి నొక్కేటప్పుడు మాత్రం సూన్ హెంగ్ నవ్వడం మానేశాడు. ఇది పగబట్టిన పాము, మొహం ఎదురుగా పెట్టకు అని ఇద్రుస్‌ను పక్కకు జరిపాడు. కొత్తవి పొట్టివి గనక సులువుగా ఎక్కాయి. పక్కింటి పెద్దావిడ మక్చిక్ సల్బియా గోడ మీంచి వేయించిన అరటిపళ్ళ పళ్ళెం అందించి, ఈ వయసులో మీ ఇద్దరికీ ఇదేం పని అని అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది. అదే పదివేలు అనుకున్నారిద్దరూ.

చివరి మూల అవుతుండగా కొండ మీంచి మబ్బు దిగింది. చావడి కప్పు సగానికే ఉంది. సూన్ హెంగ్ కారు కింద పడుకుని బోల్టులన్నీ పళ్ళు బిగబట్టి బిగించాడు. చక్రాలు తొడిగి, జాకీ దించేసరికి వాన రానే వచ్చింది.

ఆ ఊళ్ళో కారు ఎత్తును వేళ్ళతో కొలుస్తారు. టైరుకూ పైన రేకుకూ మధ్య ఎన్ని వేళ్ళు దూరితే అంత ఎత్తు. మొన్నటిదాకా నాలుగు దూరేవి. ఇద్రుస్ చెయ్యి పెట్టి చూశాడు. ఇప్పటికీ మూడున్నర దూరుతున్నాయి. సూన్ హెంగ్ కూడా చూసి, మొహం తుడుచుకుని, నడిస్తే దిగుతుందిలే అన్నాడు.

శనివారం పొద్దున ఇద్రుస్ మొదటిసారి కుడివైపు సీట్లో కూర్చున్నాడు. సీటు రొకియా జరుపుకున్న చోటే ఉంది. మోకాళ్ళు తగులుతున్నా వెనక్కి జరపబుద్ధి కాలేదు. వీధి మలుపులో మొదటి గతుకు తగలగానే నడుములో మేకు దిగినట్టయింది. గులకరాయి మీద పోయినా లెక్క చెప్పేస్తోంది కారు. ఇక వంతెన మీద వంగడం లేదు, ఊగడం లేదు. ఎవరో చెక్కబల్లను ఎత్తి పడేసినట్టు ఠప్పున పడి ఊరుకుంది. ఇద్రుస్ అవతల గట్టు దగ్గర ఆపి చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుకోక చేజేతులా పోగొట్టుకున్నాను అనుకున్నాడు. ఆమె కోరిక తీర్చబోయి ఆమె నడకనే తుడిచేశాడు. పాత స్ప్రింగులు మళ్ళీ వేయించవచ్చు. కాని నడుము ఇలా పట్టేశాక ఇంకోసారి ఇందులో కూర్చునే ధైర్యం లేదు.

సూన్ హెంగ్‌ను కాఫీకి పిలిచి, డాక్టరమ్మకు ఇచ్చేస్తానని చెప్పాడు. కారణం అడిగితే, దాచకుండా, మెత్తగానే చెప్పాడు. పొరపాటు ఎక్కడుందో తెలియని మెకానిక్కు మొహం ఎలా ఉంటుందో ఇద్రుస్ అప్పుడే చూశాడు. అన్నందుకు నొచ్చుకున్నాడు.

వాళ్ళు కూర్చున్నది పాత షెడ్డులోనే. ఇప్పుడది కాఫీ దుకాణం. గోడల మీది గ్రీజు మరకలను అందంగా ఉన్నాయని అలాగే ఉంచేశారు. ఒకప్పుడు కార్ల కింద దిగి పనిచేసే గుంత మీద మందపాటి అద్దం పరిచి, లోపల ఫెర్న్ మొక్కలు పెట్టి, దీపాలు వెలిగించారు. వాళ్ళ బల్ల సరిగ్గా దాని పక్కనే ఉంది. సూన్ హెంగ్ కప్పు చేతిలో పట్టుకుని కిందికి చూస్తున్నాడు. నా జీవితమంతా ఈ గుంతలోనే గడిచింది, ఇప్పుడు ఇందులో గడ్డి పెంచుతున్నారు అని గొణిగాడు. కారు పైన నిలబడి ఉండేది, తను కింద నిలబడేవాడు, అని చేత్తో చూపించాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సిక్గూ. కారు దేని మీద నిలబడేది?"

"దేని మీదేంటి, గుంతకి అటూ ఇటూ నేల మీద."

"చక్రాల మీద. దాని చక్రాల మీద అది నిలబడేది. నేను కింద నుంచి బిగించేవాణ్ణి."

ఇద్రుస్‌కు అర్థం కాలేదు. సూన్ హెంగ్ కప్పు బల్ల మీద పెట్టి రెండు చేతులతో చెప్పాడు. కడ్డీ మొదట్లో రబ్బరు బుష్ ఉంటుంది. బోల్టు ఏ స్థితిలో బిగిస్తే రబ్బరు ఆ స్థితినే తన ఇల్లనుకుంటుంది. నిన్న కడ్డీలు గాలిలో వేలాడుతుండగా బిగించాడు. కారు దిగి బరువు పడగానే రబ్బరు మెలిపడి, పైకి తోస్తూ ఉంది. అందుకే కిందికి దిగదు, అందుకే ఊగదు. గుంతలో పనిచేసినన్నాళ్ళూ కారు తన బరువు తాను మోస్తూనే ఉండేది కాబట్టి ఈ సంగతి గుర్తుపెట్టుకోవలసిన అవసరమే అతనికి రాలేదు.

"బరువు మోస్తున్నప్పుడే బిగించాలి సిక్గూ. మోయకముందు బిగిస్తే జన్మలో కుదురుకోదు. నా బుద్ధి గడ్డి తింది." కింది ఫెర్న్ మొక్కల్ని చూసి, "ఇదిగో, ఈ గడ్డే" అన్నాడు.

ఇద్రుస్ నవ్వలేకపోయాడు. పద, ఇప్పుడే సరిచేద్దాం అంటూ కాఫీ సగం వదిలేసి లేచాడు. దుకాణం అమ్మాయి వెనక నుంచి గొడుగు మరిచారని పిలిచి, తనే పరుగెత్తుకొచ్చి ఇచ్చింది.

చావడిలో పాత మంచం చెక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కారును మెల్లగా వాటి మీదికి ఎక్కించారు. ఇప్పుడు నాలుగు చక్రాలూ చెక్కల మీద ఉన్నాయి, కింద మనిషి దూరేంత సందుంది. సూన్ హెంగ్ వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. రెండో పానాతో అవతలి కొస పట్టుకోవడానికి ఇద్రుస్ కూడా పక్కన పడుకోవాల్సి వచ్చింది. మొదటి బోల్టు వదులవగానే లోపలెక్కడో ఠక్కుమంది. కారు కొద్దిగా కిందికి జారింది. భయంతో ఇద్రుస్ సూన్ హెంగ్ చొక్కా పట్టుకున్నాడు.

"ఏం కాదు. ఊపిరి వదిలింది, అంతే."

ఒక్కో మూల వదులు చేసినప్పుడల్లా ఒక్కో నిట్టూర్పు వినిపించింది. అన్నీ వదిలాక ఇద్దరూ బయటికొచ్చి, ముందోసారి వెనకోసారి చేతులతో అదిమి ఊపారు. కారు పక్క సర్దుకునే మనిషిలా ఒదిగి ఒదిగి ఒకచోట ఆగింది. అప్పుడు మళ్ళీ కిందికి వెళ్ళి, అది ఉన్న చోటే, దాని బరువు మీదే బిగించారు. సందులో రెండు వేళ్ళు మాత్రమే దూరాయి.

సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని వచ్చి ఇద్రుస్ కారు తీశాడు. పైకప్పు మడిచాడు. ఈసారి సీటు వెనక్కి జరుపుకున్నాడు. సూన్ హెంగ్ ఎడమవైపు ఎక్కాడు. గతుకులు తగులుతున్నాయి గాని కొట్టడం లేదు. వంతెన దగ్గరకొచ్చేసరికి ఇద్రుస్ వేగం తగ్గించాడు. కారు ఎక్కింది, దిగింది. ఒక్కసారి వంగింది. లేచింది. నిలిచింది. రెండో ఊపు లేదు.

అతను పాత నడక కోసం ఎదురు చూశాడు. అది రాలేదు. వంతెన దాటి, చెట్ల కింది మలుపులోకి తిప్పేసరికి, కారు చేతి మాటను చెప్పీ చెప్పకముందే విన్నది. ఒళ్ళు అటూ ఇటూ తూలలేదు. నేలను కౌగిలించుకున్నట్టు పోయింది. ఇదా, అనుకున్నాడు ఇద్రుస్. ఇన్నాళ్ళూ తను ఆమె నడిపిన కారును వెతుక్కుంటున్నాడు. ఆమె మాత్రం ఇంకా నడపని కారు కోసం స్ప్రింగులు తెప్పించుకుంది. ఆమెకు ఎంత నచ్చేదో ఊహించుకోగలిగాడు. మలుపు అయిపోయాక, ఎందుకైనా మంచిదని వెనక్కి తిరిగొచ్చి అదే మలుపు ఇంకోసారి తిరిగాడు.

సరస్సు పక్కన ఆపి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, కారు ఇవ్వలేనమ్మా, క్షమించు అన్నాడు. ఆమె అవతల నవ్వింది.

"నేను అప్పుడే అనుకున్నాను అంకుల్. ఆ రోజు అంతా చూపించారు గాని నాకు డోరు మాత్రం తెరవలేదు. బాగా నడుపుకోండి."

ఇద్రుస్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సూన్ హెంగ్ అతన్ని కదిలించాడు.

"సంబరపడకు. ఎడమకి లాగుతోంది, చూశావా? సోమవారం పక్క ఊరు కమున్‌తింగ్ తీసుకెళ్ళి చక్రాల వాలు సరిచేయించాలి. లేకపోతే టైర్లు అరిగాయని నామీద పడి ఏడుస్తావు."

"నువ్వూ రావాలి."

"నేను రాకుండా వాళ్ళ చేతికి ఇస్తానా ఏంటి?" అని దిగబోయి, సూన్ హెంగ్ ఆగిపోయాడు. కారు మరీ కిందికి దిగిపోయింది. మోకాళ్ళు లేవడం లేదు. ఒకసారి ప్రయత్నించి, రెండోసారి ప్రయత్నించి, తిట్టుకుంటూ మళ్ళీ కూలబడ్డాడు. ఇద్రుస్ తన అవస్థ తను పడి, తలుపు అంచు పట్టుకుని ఎలాగో బయటపడి, చుట్టూ తిరిగి వచ్చి రెండు చేతులూ అందించాడు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. కారుకు పైకప్పు వేసి లేదు.

"ముందు దాన్ని కప్పు సిక్గూ. నేను తడిస్తే తడుస్తాను."

ఇద్రుస్ అతని చేతులు వదలలేదు.