ఆయాసం మాత్ర

టీచరమ్మకు నెలలు నిండకుండా పుట్టిన పాప ఊపిరందక చనిపోయింది. కాన్పు సెలవు అయిపోగానే ఆమె బడికి వెళ్ళి, ఆగిన పాఠం దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది.

ఏడాది తిరిగేసరికి చెల్లెలికి ఏడో నెల. ఆ రోజు టీచరమ్మ బడి నుంచి వచ్చేసరికి చెల్లెలు గుండె మీద చెయ్యి వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట.

"పొట్ట రాయిలా బిగుసుకుంటోందంటే మీ నాన్న వేసుకునే ఆయాసం మాత్ర ఒకటి వేశాను. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నొప్పులు ఆగడానికి డాక్టరు రాసిందీ ఇదేగా!" అంది తల్లి.

"నా మాత్రకింత గిరాకీ ఉందని తెలిస్తే కొట్టు పెట్టేవాణ్ణి," అన్నాడు తండ్రి. ఎవరూ నవ్వలేదు.

"గుండె దడదడలాడుతోందక్కా. పొట్ట మాత్రం బిగుసుకుంటూనే ఉంది."

తల్లి ఇంకో మాత్ర చేతికి తీసుకుంది. టీచరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా."

"నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు. అందుకే వద్దంటున్నాను. పదండి, ఆసుపత్రికి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూసి, వేసిన మాత్ర పేరు అడిగి, పెదవి విరిచింది. "నోటితో మింగే ఈ మాత్ర కాన్పు నొప్పుల్ని ఆపదమ్మా. తల్లి గుండెను పరుగెత్తిస్తుంది. ఒక్కోసారి ప్రాణం మీదికే తెస్తుంది."

"మరి మా పెద్దదానికి రాసిచ్చారుగా!"

"రాసేవాళ్ళున్నారు. రాయకూడదు."

చెల్లెలి ఛాతీకి గుండె కొట్టుకోవడం చూసే తీగలు తగిలించారు. ఒకవేళ కాన్పు ముందే వస్తే బిడ్డ ఊపిరితిత్తులకు బలంగా ఉంటుందని సూది వేశారు. సాయంత్రానికి దడ తగ్గింది, పొట్ట మెత్తబడింది.

"బిడ్డ తంతోందే అక్కా! నీలాగే కోపిష్టి," అని నవ్వింది చెల్లెలు.

టీచరమ్మ ఆ పొట్ట మీద కాసేపు చెయ్యి ఉంచి, బయటికి వచ్చింది. వరండాలో బెంచీ మీద తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. కూతురి మొహం చూడలేదు.

"చెల్లి బాగానే ఉందమ్మా."

తల్లి తలూపింది.

"అప్పుడు నువ్వు వద్దన్నా, నిద్ర లేపి మరీ నేనే మింగించేదాన్ని కదే. పాప అందుకే పోయిందంటావా?"

టీచరమ్మ పక్కన కూర్చుంది. తనకు తెలియనిది తెలుసని చెప్పడం ఆమెకు చేతకాదు. తెలియదంటే అమ్మకు ఆ అనుమానం అలాగే ఉండిపోతుంది.

అమ్మకు ఆమె ఈ రోజుకీ జవాబు చెప్పలేదు.