సేనాని మెత్తని గొంతు

మెత్తగా అనమని ఎవరూ చెప్పలేదు, అయినా మెత్తగానే వచ్చింది, బయటికి రా తల్లీ, నీకేం కాదు, నేనున్నాగా, ఒక్క టేకులో ఓకే, అద్దానికి అవతల దర్శకుడు బొటనవేలు ఎత్తి చూపించాడు, ఇన్నేళ్లుగా గొంతు అమ్ముకుని బతుకుతున్న మనిషికి ఆ మాత్రం రాకపోతే ఎలా అనుకుంటూ ఆమె మంచినీళ్లు గుక్కెడు తాగింది, వీడియో గేముకు గొంతివ్వడం సినిమాకు ఇచ్చినట్టు కాదు, ఎదురుగా బొమ్మ ఉండదు, కథ చెప్పరు, వరసా క్రమమూ లేకుండా మాటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి, ముందు గెలుపు, తర్వాత యుద్ధం, అరుపులూ ఏడుపులూ మాత్రం గొంతు బొంగురుపోతుందని ఆఖరున పెడతారు, ఆమెకు తెలిసిందల్లా తను సేనానికి గొంతిస్తోందని, బూడిద రాణి పీడ వదిలించే వీరనారి ఆ సేనాని అని, వీరనారి కదా, ఎవరో పిల్లను కాపాడుతోంది కాబోలు అనుకుని చెప్పేసింది, పొద్దున చెల్లికి ఫోనులో చెప్పినట్టే.

చెల్లి స్నేహితురాలి గదిలో తలదాచుకుని వారమైంది, ఆ వారం రోజులూ అమ్మది ఒకటే పాట, అల్లుడు బంగారం, మీ చెల్లికే నోరెక్కువ, ఊరంతా నెత్తిన పెట్టుకునే మనిషిని కాదని వచ్చేస్తుందా, ఊరు నెత్తిన పెట్టుకున్న మాట నిజమే, మరిది, అదే చెల్లి మొగుడు, అగ్నిమాపక కేంద్రంలో పని చేస్తాడు, అంటుకున్న మేడ మీంచి ముసలావిడను వీపున వేసుకుని దిగిన ఫొటో ఇంకా వాళ్ల ఆఫీసు గోడకు వేలాడుతోంది, అందులో అబద్ధం ఏమీ లేదు, అదే వచ్చిన చిక్కు, చెల్లి జబ్బ మీద కమిలిన వేళ్ల గుర్తులూ అబద్ధం కావు, నిన్న అతను వచ్చి కుర్చీ అంచున కూర్చుని ఏడ్చాడు, నేను పిలిస్తే రాదు వదినా, మీరంటే దానికి ప్రాణం, ఒక్కసారి రమ్మనండి, ఇక చెయ్యెత్తను, ఒట్టు, ఏడ్చే మగవాణ్ణి చూస్తే ఆమెకు జాలి, జాలి కంటే ఎక్కువగా ఈ గొడవ ఇంతటితో తెగితే బాగుండునన్న విసుగు, అందుకే పొద్దున్నే ఫోను చేసింది, మీ ఇంటికి వచ్చెయ్యవే, నీకేం కాదు, సాయంత్రం పని అయ్యాక నేనూ వస్తా, సరేనక్కా అంది చెల్లి.

మేడమ్, ఈ సీనుకు బొమ్మ వచ్చేసింది, గొంతు అతికిందో లేదో చూద్దాం రండి, అన్నాడు దర్శకుడు, ఆమె హెడ్‌ఫోన్లు తీసి వెళ్లి అతని వెనక నిలబడింది, తెర మీద తగలబడిన ఊరు, ఒక గాదె, గాదెలో ముడుచుకుని కూర్చున్న పిల్ల, సేనాని మోకాళ్ల మీద వంగి ఇనప తొడుగు విప్పి ఉత్త చెయ్యి చాచింది, బయటికి రా తల్లీ, తన గొంతే, పిల్ల కళ్లు తుడుచుకుని వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది, సేనాని లేచి సైనికుల వైపు తిరిగింది, కట్టెయ్యండి, వాళ్లమ్మ తనే వస్తుంది, ఇదీ తన గొంతే, కిందటి వారం చెప్పింది, అప్పుడు దొంగతనం చేసిన కుర్రాణ్ణెవణ్ణో కట్టమంటోంది అనుకుంది, ఇది బూడిద రాణి కూతురు మేడమ్, అన్నాడు దర్శకుడు, దీన్ని ఎరగా పెడితేనే రాణి చేతికి చిక్కుతుంది, రాణి బావుల్లో విషం కలిపింది కదా సార్, ఆ కలిపింది, ఊళ్లకు ఊళ్లు చచ్చాయి, సేనాని చెరలన్నీ విడిపించింది కదా, విడిపించింది, మరి మంచిదెవరు, దర్శకుడు నవ్వాడు, మనం ఎవరి బొమ్మ పట్టుకుని ఆడితే వాళ్లే మేడమ్, పోనీ ఆ మాట కొంచెం కటువుగా మళ్లీ చెప్పనా అని అడిగింది, అయ్యో వద్దు మేడమ్, కటువుగా పిలిస్తే పిల్ల వస్తుందా.

రాదు, కటువుగా పిలిస్తే రాదు, మరిది పిలిస్తే చెల్లి రాలేదు, ఆమె చెప్పుల కోసం కూడా చూడకుండా వరండాలోకి వచ్చింది, ఫోన్లు లోపలికి తేకూడదని బయట అరలో పెట్టిస్తారు, తనది తీసి చెల్లికి చేసింది, కాగితం మీది మాట ఎవరు ఎవరితో ఎందుకంటున్నారో అడక్కుండా చెప్పడం అలవాటైపోయింది, ఆ జబ్బ చూసి కూడా అడగలేదు, అడిగితే చెల్లి చెబుతుందని, చెబితే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని, ఎత్తవే, ఎత్తు, ఆ అక్కా, ఎక్కడున్నావే, ఇంటికొచ్చేశానక్కా, నువ్వొచ్చేసరికి వంట చేసి పెడదామని ముందే వచ్చా, ఎందుకలా రొప్పుతున్నావ్, వెంటనే వెళ్లిపో, చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్లి నిలబడు, ఎందుకక్కా, చెప్పింది చెయ్యవే, వెనక మరిది గొంతు, ఎవరు, వదినేనా, ఇలా ఇవ్వు, వదినా, మీ మేలు మర్చిపోలేను, దాన్ని నేను చూసుకుంటాలెండి, మీరు శ్రమపడి రానక్కర్లేదు, ఎంతో మర్యాదగా అన్నాడు, ఫోను పెట్టేశాడు, మళ్లీ చేస్తే మోగడం లేదు.

మేడమ్, అరుపులు మిగిలాయి, అని లోపల్నుంచి ఎవరో కేకేశారు, ఆమె వట్టి కాళ్లతో మెట్లు దిగుతోంది, పోలీసులకు చెప్పాలి, పక్కింటి నంబరు ఎక్కడో ఉండాలి, అతను మంటల్లోకి దూకిన మాట నిజమే, బావుల్లో విషం సంగతీ నిజమే, ఎవరు మంచో ఎవరు చెడో తేలినప్పుడు తేలుతుంది, దానికోసం ఆగేంత తీరిక ఇప్పుడు లేదు, ఎదురొచ్చిన బండిని చెయ్యి అడ్డం పెట్టి ఆపుతుంటే ఒకటి మాత్రం స్పష్టంగా తెలిసింది, చెల్లి అతని ఒట్టును నమ్మి రాలేదు, అక్క గొంతును నమ్మి వచ్చింది.