హదోంగ్ అవ్వకు రావలసిన తొమ్మిది రోజులు

అన్యాయం జరిగింది ఎవరికి? హదోంగ్ అవ్వకు. ఎలా జరిగింది? ఆమె వంచిన నడుముకు ఊరు సగం లెక్క కట్టింది.

నలభై ఆరేళ్ళ కిందటి మాట. మే నెల నాట్ల సమయానికి యొంజు అనే పిల్ల నాయనమ్మ, ఆ పిల్ల తండ్రి మన్‌సిక్‌ను కని పురిటి మంచం మీద ఉంది. మడిలో దిగే రెండో మనిషి లేక ఆ ఇల్లు దిక్కుతోచక కూర్చుంది. అంతకు ముందటి ఏడే భర్తను పోగొట్టుకున్న ఇరవై ఎనిమిదేళ్ళ పడుచు, హదోంగ్ నుంచి ఆ ఊరికి కోడలుగా వచ్చి పుట్టింటి ఊరి పేరుతోనే పిలిపించుకున్నది, పద్దెనిమిది రోజులు వచ్చి నాటిపెట్టింది. కూలికి కాదు, బదులుకు. ఈ రోజు నేను నీ పొలంలో, రేపు నువ్వు నా పొలంలో: ఆ లోయలో పనులన్నీ అలాగే సాగేవి. ఆమె మడి బార్లీ కోసిన తరువాత నాటేది గనుక ఆమెకు మనుషులు జూన్‌లో కావలసి వచ్చారు. యొంజు తాత తొమ్మిది రోజులు వెళ్ళాడు. పదో రోజు వెళ్ళలేదు. అడిగితే, ఆడమనిషి రెండు రోజులు మగవాడి ఒక్క రోజుకు సమానం, కాబట్టి చెల్లు, అన్నాడు. పెద్దలు తల ఊపారు. మిగిలిన మడిని ఆమె ఒక్కతే నాటుకుంది. అప్పటికి నారు ముదిరిపోయింది. ఆ ఏడు ఆమె ఇంటికి సగం పంటే చేరింది.

ఈ సంగతి యొంజుకు ఇరవై ఒకటో ఏట గాని తెలియలేదు. తెలిసింది కూడా ఆమె ఊళ్ళో చిక్కుకుపోయిన వేసవిలోనే.

కాలేజీ హాస్టల్‌ను గొట్టాల మరమ్మతు కోసం రెండు నెలలు మూసేశారు. సియోల్‌లో శిక్షణ కోసం ఆమె పెట్టుకున్న మూడు దరఖాస్తులూ తిరిగి వచ్చాయి. తోటివాళ్ళు మెడలో ఆఫీసు కార్డులు వేసుకొని దిగిన ఫోటోలను ఫోన్‌లో చూస్తూ ఆమె తాత ఊళ్ళో బస్సు దిగింది. దిగిన రోజునే ఒక నిర్ణయం చేసుకుంది: ఈ ఎనిమిది వారాల్లో ఒక్క పూట కూడా వృథా పోకూడదు. బడిపిల్లలు సెలవులకు గీసుకొనే గుండ్రటి పట్టిక ఒకటి గీసింది. గడియారం వంటి వలయం, అందులో పుచ్చకాయ ముక్కల్లాగా నిద్ర, చదువు, భోజనం, వ్యాయామం. ఆగస్టు రెండో ఆదివారం చరిత్ర పరీక్ష ఉంది. ఆ ధ్రువపత్రం లేనిదే ప్రభుత్వోద్యోగ పరీక్షకు కూర్చోనివ్వరు. అందుచేత వలయంలో సగానికి పైగా చరిత్రే.

గోడకు అంటించిన ఆ కాగితాన్ని చూసి తాత నవ్వాడు. "ఇంత పెద్దదానివయ్యాక కూడా ఆ బొమ్మేంటే? మీ నాన్న కూడా గీసేవాడు. నాలుగో రోజుకి దాని మీద చేపలు ఎండేసుకునేవాళ్ళం."

"నాది నాలుగు రోజులది కాదు తాతా. ఎనిమిది వారాలది."

జూలై మూడో వారం దాకా ఆమె మాట నిలబెట్టుకుంది. ఆ వారంలో ఒక ఉదయం హదోంగ్ అవ్వ చక్రాల బండి తోసుకుంటూ వచ్చి గేటు ముందు ఆగింది. మోకాళ్ళు అరిగిన ఆ ఊరి ముసలమ్మలందరికీ అటువంటి బండి ఒకటి ఉంటుంది. ఊతకర్రా అదే, సంచీ అదే, అలసినప్పుడు కూర్చొనే పీటా అదే. వసారాలో ఉన్న తాతను, ఆ ఊరి వాడుక ప్రకారం కొడుకు పేరు పెట్టి పిలిచి, ఏటేటా అన్నట్టే అంది.

"మన్‌సిక్ నాన్నా, తొమ్మిది."

"చెల్లయిపోయింది పో, హదోంగమ్మా."

యొంజు చిన్నప్పటి నుంచీ ఈ రెండు మాటలు వింటూనే ఉంది. పెద్దవాళ్ళ పరాచికం అనుకొనేది. ఈసారి మాత్రం అవ్వ కదలలేదు.

"ఈ ఏటితో సరి. మిరప కోత కాగానే నా చేను సోలార్ పలకలవాళ్ళకి పోతోంది. నేను కూతురి దగ్గరికి ఇంచెయాన్ పోతున్నా. ఆ తర్వాత నువ్వు తీరుస్తానన్నా తీర్చడానికి మట్టి ఉండదు."

"పోయేదానివి సుఖంగా పో. ఎప్పటివో తవ్వుతావెందుకు?"

"తవ్వకపోతే పూడ్చేస్తారు కాబట్టి," అని అవ్వ బండి తిప్పుకుంది.

ఆ పూట యొంజు పుస్తకం మూసి తాత ఎదురుగా వచ్చి కూర్చొని అడిగింది. ఆయన ఏమీ దాచలేదు. దాచవలసినంత తప్పని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

"నేనొక్కణ్ణే చేశానా? అప్పుడు ఊరంతా అదే లెక్క."

"ఆమె నాటిన నారు సగమే పండిందా తాతా?"

"మాటకి మాట చెప్పడమేనా కాలేజీలో నేర్పిస్తున్నది?"

"చెప్పు. మడిలో ఆమె వరస నీ వరస కన్నా పొట్టిగా ఉండేదా?"

తాత విసనకర్ర వేగం పెంచాడు. "ఆవిడదే ముందు అయ్యేది," అన్నాడు. అనకూడనిదేదో నోరు జారినట్టు వెంటనే లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మరునాడు యొంజు వలయంలో వ్యాయామాన్ని చెరిపి 'అవ్వ చేను' అని రాసింది. ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు. లెక్క ఆమెకు చక్కగా కుదిరింది: ఎనిమిది గంటలైతే ఒక రోజు, అంటే నాలుగు ఉదయాలకు ఒక రోజు. చదువూ చెడదు, బదులూ తీరుతుంది. అలా ఎనిమిది ఉదయాలు వెళ్ళింది. ఎనిమిదో ఉదయం చేతులు దులుపుకుంటూ అవ్వతో అంది.

"రెండు రోజులు తీరాయి అవ్వా. ఇంకా ఏడు."

"ఏం తీరలేదు. ఇంకా తొమ్మిదే."

"గంటలు లెక్కపెట్టండి, పదహారు అయ్యాయి."

"మీ తాతకి నేను గంటలిచ్చానా?" అవ్వ తలెత్తకుండానే మరో కాయ తుంచింది. "తెల్లారేసరికి మడిలో దిగి, కొండ వెనక్కి పొద్దు జారాక గట్టెక్కాను. దాన్ని రోజంటారు. ముక్కలు కోసుకొచ్చి కుప్ప పోస్తే రోజవదమ్మాయ్. నువ్వు చల్లటి వేళ వస్తున్నావ్, చల్లగా పోతున్నావ్. మరి ఎండ ఎవరికి వదిలేశావ్?"

యొంజుకు కోపం వచ్చింది. చదువుకొనే సమయం తగ్గించుకొని వచ్చినందుకు ఇదా మాట అనుకుంది. ఆ కోపంతోనే సగం దారి నడిచింది. సగం దారిలో కాళ్ళు వాటంతట అవే ఆగాయి. తాత సగం చేసి చెల్లన్నాడు. తాను చల్లటి పావులు పోగేసి రోజంటోంది. తన లెక్క తాత లెక్క కన్నా నయమైనదేమీ కాదు; కాకపోతే రంగు పెన్సిళ్ళతో గీసినది.

ఇంటికి వచ్చి గోడ మీది కాగితాన్ని తీసేసి కొత్త వలయం గీసింది. తెల్లవారుజాము నుంచి పొద్దుగుంకే దాకా ఒకే ముక్క. దాని మధ్యలో, నడి ఎండకు పని ఆగే మూడు గంటలు మాత్రం చరిత్రకు.

"పరీక్ష మానేశావన్నమాట," అన్నాడు తాత.

"పరీక్షా రాస్తాను. రోజులూ తీరుస్తాను."

"చదువుకోమని పట్నం పంపితే మిరపకాయలు ఏరుకుంటుందట. వినండి."

వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు. యొంజు అన్నం తిని త్వరగా పడుకుంది.

మిరప చేను చూడడానికే అందంగా ఉంటుంది. మూడు వేల మొక్కలు, వరసల మధ్య నల్లటి ప్లాస్టిక్ పట్టాలు, వాటి నుంచి పైకి కొట్టే వేడి. నడుముకు కట్టుకుంటే వెంట వచ్చే గుండ్రటి స్పాంజి పీట ఒకటి అవ్వ ఆమెకు ఇచ్చింది. లేచినా, కూర్చున్నా అది వెనకే వేలాడుతూ ఉంటుంది. మొదటి రోజు యొంజు కాయను గుంజితే కొమ్మ విరిగింది.

"లాగకు. తొడిమ పైకి తిప్పు, అదే వస్తుంది. విరిచిన కొమ్మకి ఇంకో కోత రాదు. మీ ఇంటివాళ్ళకి సగంలో విరవడం అలవాటే."

"ఆ మాట తాతకి చెప్పండి."

"ఆయనకి నలభై ఆరేళ్ళుగా చెప్తున్నా. నీకు ఇవాళే మొదలు."

రెండో రోజుకు వేళ్ళు మండి, బకెట్ నీళ్ళలో పెట్టినా చల్లారలేదు. మూడో రోజు తొడలు మాట వినలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున లేవగలిగిన సంగతి ఆమెకే ఆశ్చర్యం కలిగించింది. మధ్యాహ్నం చేని పక్కనున్న గుడిసెలో అవ్వ సోయా పాలలో చల్లటి నూడుల్స్ వేసి, ముల్లంగి కిమ్చీ పచ్చడి పెట్టేది. బదులుకు వచ్చిన మనిషికి అన్నం పెట్టడం పొలం గలవారి విధి. తినగానే యొంజు పుస్తకం తెరిచేది. ఈ మూడు గంటలూ రోజులోంచి తీసేస్తారా అని మొదటి రోజే భయంగా అడిగింది.

"పడుకోవడం కూడా రోజులో భాగమే. ఎద్దుకి కూడా ఉండేది," అంది అవ్వ. "పైకి చదువు. నాకూ నిద్ర పడుతుంది."

నిద్ర పట్టేది కాదు. పన్నుల కోసం దేశంలోని భూమినంతా కొలిపించిన ఒక రాజుగారి సంగతి వచ్చినప్పుడు అవ్వ కళ్ళు తెరిచింది.

"ఎవరు కొలిచారట?"

"రాజుగారి అధికారులు."

"దున్నింది ఎవరో రాశారా?"

యొంజు పేజీ వెనక్కి తిప్పి చూసింది. "లేదవ్వా."

"అయితే తిప్పెయ్. పరీక్షలో వచ్చేదే చదువు."

ఎనిమిదో రోజు శనివారం. సాయంత్రం అవ్వ జేబులోని ఫోన్ తుపాను హెచ్చరికతో మోగింది. సోమవారం తెల్లవారేసరికి వాన కొడుతుంది. ఆఖరి కోతలో ఇంకా ఏడు వరసలు మిగిలాయి. వాన తగిలితే పండిన కాయ మీద మచ్చ లేస్తుంది, రెండు రోజుల్లో కుళ్ళుతుంది. ఆదివారం దాటితే చేనులో తొమ్మిదో రోజు చేయడానికి పని అంటూ మిగలదు. ఆ ఆదివారమే పరీక్ష.

"పోయి రాసుకో," అంది అవ్వ. "ఎనిమిది చేశావ్. మీ తాత తొమ్మిది తర్వాత మీ ఇంట్లో ఇంకెవరూ ఒక్కటీ ఇవ్వలేదు."

"తొమ్మిది కదా రావలసింది."

"రావలసినవన్నీ వస్తాయా."

"పరీక్ష అక్టోబరులో మళ్ళీ ఉంది. మీ చేను అక్టోబరులో ఉండదు. రేపు వస్తాను."

ఇంట్లో అదే మాట చెప్పింది. తాత చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

"నీకు మతి పోయిందా? నెలన్నరగా చదివింది ఎందుకు?"

"తాతా, ఒక్కటి అడుగుతాను. ఎనిమిది రోజులు చేశాను. నీ లెక్కలో అవి నాలుగేనా?"

ఆయన నోరు తెరిచాడు. మనవరాలి చేతులు బల్ల మీద ఉన్నాయి. గోళ్ళ చుట్టూ చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది. ఆయన వాటిని చాలాసేపు చూశాడు.

తెల్లవారుజామున యొంజు వసారాలోకి వచ్చేసరికి తాత రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నాడు. ఎనభై ఒకటో ఏట ఆయన నడుము వంగడానికి కొంత సమయం తీసుకుంటుంది. తలకు గడ్డి టోపీ ఉంది.

"ఆరున్నర బస్సుకి పో," అన్నాడు. "పెన్ను, గుర్తింపు కార్డు పెట్టుకున్నావా?"

"నువ్వెక్కడికి?"

"ఎగ్గొట్టింది నువ్వా నేనా? నీ చేత కట్టించి కూర్చోడానికి నాకేం కాళ్ళు పడిపోయాయా?"

ఆమె పరీక్ష రాసింది. బాగా రాశానో లేదో ఆమెకు తెలియలేదు. జవాబుల కాగితం మీద ఆమె వేళ్ళు ఎర్రటి మరకలు వదిలాయి. మూడు గంటలకు బస్సు దిగి తిన్నగా చేనుకు నడిచింది.

తాత వరసలో ఉన్నాడు. స్పాంజి పీట ఆయన నడుముకు వేలాడుతోంది. పక్క వరసలో అవ్వ ఆయన కన్నా పది మొక్కలు ముందుంది. యొంజు బుట్ట అందుకోబోయింది.

"ముట్టుకోకు," అంది అవ్వ. "నీ ఎనిమిదీ అయ్యాయి. ఇది ఆయన రోజు. నీ చెయ్యి పడితే లెక్క కలిసిపోతుంది."

యొంజు గట్టు మీద కూర్చుంది. చూస్తూ కూర్చోవడం కోయడం కన్నా కష్టమని అప్పుడే తెలిసింది. తాత మూడు మొక్కలకు ఒకసారి ఆగుతున్నాడు. టోపీ కింద చెమట చుక్కలు కట్టి చొక్కా మీద పడుతున్నాయి. ఐదు గంటలకు ఆయన బుట్ట దింపాడు.

"నడుము పోయింది హదోంగమ్మా. రోజులో ముప్పాతిక పైనే అయింది కదా."

"కొండ మీద ఇంకా పొద్దుంది మన్‌సిక్ నాన్నా."

ఆయన కొండ వైపు చూశాడు. తరువాత మనవరాలి వైపు చూశాడు. బుట్ట ఎత్తుకొని మళ్ళీ వంగాడు. ఆ తరువాత ఇంకేమీ అడగలేదు, ఆగలేదు కూడా. మేఘాలు దక్షిణం నుంచి ఎక్కుతున్నాయి. ఆఖరి వరసలో ఆఖరి మొక్క దగ్గరికి వచ్చేసరికి పొద్దు కొండ శిఖరాన్ని తాకింది. ఆ మొక్క మీది కాయలు ఒక్కొక్కటే, తొడిమ పైకి తిప్పి, కొమ్మ విరగకుండా కోశాడు. పొద్దు వెనక్కి జారింది. ఆయన గట్టెక్కి నిలబడ్డాడు, ఊపిరి అందుకున్నాక అడిగాడు.

"నా రోజుకి ఎంత వేసుకున్నావ్?"

"ఒకటి."

"మగవాడి రోజు కదా."

"రోజు," అంది అవ్వ. "ఒకటి."

తాత టోపీ తీశాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి తనకన్నా చిన్నదాని ముందు, మనవరాలు చూస్తుండగా, నడుము వంచి తల దించాడు.

"పద్దెనిమిది రోజులు చేశావు హదోంగమ్మా. పద్దెనిమిదీ నిండు రోజులే. నేను తొమ్మిదే ఇచ్చాను."

అవ్వ బండి మీద మిరప సంచి సర్ది, తాడు బిగించి, ముడి సరిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"అప్పుడు నీవి తొమ్మిది. ఈ పిల్లవి ఎనిమిది. ఇవాళ ఒకటి," అంది. "మొత్తం ముట్టాయి. ఇంక నాకు మీ ఇంటి నుంచి ఏమీ రావలసింది లేదు."