తల్లుల మెలకువ

"ఊళ్ళో పిల్లల నిద్ర సంగతి తర్వాత, ముందు మనవాడి సంగతి చూడు" అన్నాడు భర్త మంచం మీంచే. పిల్లాడు లేచి ఏడుస్తున్నాడు. ఆమె పాలు దింపి వాణ్ణి చంకనేసుకుంది. ఆయన మళ్ళీ ముసుగుతన్నాడు. "పగలంతా కష్టపడేవాడు, కాస్త పడుకోనీ" అంది అత్తగారు. మరి నేను పగలంతా చేసేదేమిటి? నోటిదాకా వచ్చిన మాటని ఎప్పట్లాగే మింగేసి ఆస్పత్రికి బయల్దేరింది.

మెదడులో గడ్డలొచ్చిన పిల్లల నిద్ర ఎందుకు చెడుతుందో పరిశోధించడం ఆమె పని. పిల్లల మణికట్టుకి గడియారంలాంటి పట్టీ కడితే నిద్రెంతో, మెలకువెంతో తెలుస్తుంది.

ఆవేళ వచ్చిన పిల్లకి గడ్డ తీసేశారు. అయినా కూర్చున్నచోటే తూగుతోంది.

"బళ్ళో నిద్ర, కంచం ముందు నిద్ర. అంతా వాళ్ళమ్మ గారాబం" అన్నాడు తండ్రి.

"గారాబం కాదండీ. మెదడులో నిద్రని నడిపే చోటు దెబ్బతింది."

అతను ఆమె పక్కనున్న జూనియర్ వైపు తిరిగాడు. "మీరేమంటారు సార్?"

కుర్ర డాక్టరు అదే మాట అప్పజెప్పాడు. "అలా చెప్పండి మరి!" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుని టీకి వెళ్ళాడు తండ్రి.

తల్లి అప్పుడు నోరు విప్పింది. "రాత్రిళ్ళు ఇది కలవరిస్తూ లేస్తుందమ్మా. ఊపిరాడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంటాను. నా నిద్ర ఎవరికి పట్టింది?"

తల్లుల నిద్ర కూడా కొలుద్దామని ఇదివరకోసారి తను అడిగితే, పెద్ద డాక్టరు నవ్వేశాడు: "తల్లి మేలుకోవడం జబ్బు కాదమ్మా, ప్రకృతి." అప్పుడు తనూ నవ్వింది. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండింది. నేరుగా ఆయన గదికి వెళ్ళింది.

"ప్రకృతే అయితే తండ్రులకెందుకు రాలేదు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూశాడు. "నీ ఖర్మ. చేసుకో. ఎవరైనా నవ్వితే నా పేరెత్తకు."

పట్టీ పట్టుకుని తిరిగొస్తే, పిల్ల తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దమ్మా. నిద్రపోవట్లేదని తేలితే, ఇంట్లో అంత చాకిరీ ఏం చేస్తున్నావని మా ఆయన కేకలేస్తారు."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ కేకలు తనకి కొత్త కాదు. ఆ పట్టీని తన మణికట్టుకే కట్టుకుని, ఇంకో పట్టీతో చెయ్యి ముందుకు చాపింది.

"నాదీ తేలనీ. ఇద్దరం కలిసే తిట్లు తిందాం."