అద్దంలో నాన్న మొహం

వీధిలో అందరికీ అతను కత్తెర బాబాయి. గడ్డం గీస్తూనే కబుర్లు చెబుతాడు, నవ్విస్తాడు, అయినా ఇన్నేళ్ల సెలూన్‌లో ఒక్క చెంప మీద నెత్తురు చుక్క కనబడనివ్వలేదు. అలాంటి చెయ్యి నిరుడు అతన్ని మోసం చేసింది.

కూతురికి జీడిపప్పు పడదు. పడదంటే నాలుగు వాంతులతో పోయేది కాదు, గొంతు పూడుకుపోయి ఊపిరాడదు. పెన్నులాంటి ఇంజెక్షన్లు రెండు ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నారు డాక్టరు. నిరుడు చుట్టాలింట్లో ఎవరో ఇచ్చిన బిస్కెట్టు కొరకగానే పిల్ల పెదాలు ఉబ్బిపోయాయి. అతను గబగబా ఇంజెక్షన్ తీశాడు, తిరగేసి పట్టుకున్నాడు, తన బొటనవేల్లోనే దించుకున్నాడు. రెండోది భార్య పొడవబట్టి పిల్ల దక్కింది. చాలామంది చేసే పొరపాటేనన్నారు డాక్టరు. ఆ మాట అతని చెవికెక్కింది గానీ మనసుకెక్కలేదు.

అప్పటినుంచి మనిషి మనిషిలా లేడు. క్షవరానికి వచ్చినవాణ్ని ముందు ఏం తిన్నావని అడుగుతాడు, చేతులు కడిగిస్తాడు. "ఇది సెలూనా, ఆపరేషన్ థియేటరా బాబాయ్?" అని కొందరు నవ్వారు, కొందరు వేరే సెలూన్ చూసుకున్నారు. పిల్ల తుమ్మితే చాలు, అతని మొహం సున్నం కొట్టిన గోడే. నోరు తెరువు, నాలుక చూపించు, గట్టిగా ఊపిరి పీల్చు. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే అంటారు, ఇతనికి తాడు మాట వినబడినా భయమే. పిల్లతో ఒంటరిగా ఉండటం కూడా మానేశాడు. అది పిరికితనమని అతనికీ తెలుసు.

ఆ ఆదివారం బస్ కండక్టరైన భార్యకి అనుకోకుండా డ్యూటీ పడింది. దాంతో పిల్ల సెలూన్‌కి రాక తప్పలేదు. జుట్టు కళ్లలో పడుతోంది కదా అని కుర్చీ ఎక్కించి, మెడచుట్టూ గుడ్డ కట్టి కత్తెర అందుకున్నాడు.

పిల్ల వాగుడుకాయ. అలాంటిది నోరు మెదపడం లేదు. అద్దంలో చూస్తే గుడ్డ కింద చేతులు కదులుతున్నాయి, అతను చూసేసరికి ఆగిపోయాయి. నవ్వింది కూడా. అతను గుడ్డ ఎత్తాడు. రెండు చేతుల నిండా ఎర్రటి దద్దుర్లు.

"ఎంతసేపట్నుంచి?"

"ఇందాకట్నుంచి. పక్క కొట్టు అక్క చాక్లెట్ ఇచ్చింది. చిన్న ముక్కే తిన్నా."

"మరి నాకు చెప్పలేదేమే!"

"చెబితే నీ మొహం ఇలా అయిపోతుంది నాన్నా. నీకేమన్నా అవుతుందేమోనని భయమేసింది. అమ్మొచ్చాక చెబుదామనుకున్నా."

వాళ్లమ్మ వచ్చేది సాయంత్రానికి. అతనికి సిగ్గుతో ప్రాణం పోయినంత పనయింది. ఏడాదిగా ఊళ్లో ప్రతి చేతినీ, ప్రతి పొట్లాన్నీ అనుమానించాడు. పిల్ల నోరు కట్టేస్తున్నది తన మొహమేనని ఒక్కనాడూ అనుమానించలేదు.

కుర్చీని తనవైపు తిప్పుకున్నాడు.

"నా మొహం ఇలాగే ఉంటుంది తల్లీ. దాన్ని బాగుచేసే పని నీది కాదు. భయం నాది, నేను పడతా. నీకేమవుతోందో నువ్వు చెప్పు, అంతే."

"నీకేం కాదుగా?"

"ఏం కాదు."

"అయితే... గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంది నాన్నా."

కుర్చీ వెనక్కి వాల్చి పిల్లని పడుకోబెట్టాడు. బెంచీ మీద పేపరు చదువుకుంటున్న ముసలాయన్ని అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని కేకేశాడు. సొరుగులోంచి ఇంజెక్షన్ తీశాడు. సూది ఎటువైపుందో పైకే చెప్పుకున్నాడు, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు, మూత లాగి పిల్ల తొడకి ఆనించి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. టక్కుమంది. ఈసారి పడాల్సిన చోటే పడింది.

"ఇంకేమవుతోంది?"

"గుండె దడదడలాడుతోంది."

"అది మందు వల్ల. ఇంకా?"

"కడుపులో తిప్పుతోంది. నాన్నా, నువ్వు ఏడుస్తున్నావు."

"ఏడవనీ. నువ్వు చెప్పు, ఇంకా?"

అంబులెన్సు వచ్చేదాకా పిల్ల చెబుతూనే ఉంది.